ఇండోర్ బాస్కెట్‌బాల్ ఫొటోలు: ఫ్రేమ్ ఎంత టైట్‌గా పెట్టాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

అనంతపురంలో నాది పెళ్ళిళ్ళ ఫొటోగ్రఫీ. ఆషాఢమో మూఢమో వచ్చి ముహూర్తాలు లేనప్పుడు కాలేజీ టోర్నమెంట్లు తీస్తుంటాను. ఇండోర్ బాస్కెట్‌బాల్ ఫొటోలు పెట్టిన ప్రతిసారీ కర్నూలు నుంచి ఒకరు, కడప నుంచి ఒకరు, మా ఊరి నుంచే నలుగురు అవే డౌట్లు అడుగుతారు. అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి గొంతు పోయింది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరుసగా చదవాల్సిన పని లేదు, మీ డౌట్ ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్ళండి.

## మ్యాచ్‌కు వెళ్ళే ముందు

అందరూ టైట్‌గా తీయమంటారు. అసలు టైట్ అంటే ఎంత టైట్ అన్నా?

బంతి, కళ్ళు, వాటితో పాటు ఇంకొక్కటి. నా లెక్క ఇంతే. ఆ ఇంకొక్కటి షాట్‌ను బట్టి మారుతుంది. లేఅప్ (రింగ్ దగ్గరికి దూసుకొచ్చి ఎగిరి బంతి వేయడం) అయితే రింగ్. జంప్ షాట్ అయితే నేల విడిచిన పాదాలు. డ్రిబుల్ అయితే ఎదురుగా చేతులు చాపి నిలబడ్డ డిఫెండర్. ఈ మూడూ ఫ్రేమ్‌లో పడ్డాక మిగిలిన చోటు ఎంత తగ్గిస్తే ఫొటోకి అంత బలం. వీటిలో ఒక్కటి పోయేంత దగ్గరికి వెళ్తే మాత్రం చూసేవాడికి ఏం జరుగుతోందో అర్థం కాదు.

కొలతల్లో చెప్తా. ఆరడుగుల కుర్రాడు చేతులెత్తి, అడుగున్నర పైకి ఎగిరి బంతి వదిలే క్షణంలో నేల నుంచి బంతి పైదాకా దాదాపు 3 మీటర్లు. రింగ్ ఎత్తు కూడా 3.05 మీటర్లే. నిలువు ఫ్రేమ్‌లో మూడున్నర మీటర్ల ఎత్తు పట్టేలా చూసుకుంటే పైన జానెడు, కింద జానెడు మిగులుతుంది. మనిషి మొత్తం కావాల్సిన షాట్‌కి నేను అంతకంటే టైట్ చేయను.

ఎంత దూరం నుంచి ఏ లెన్స్‌తో ఎంత ఎత్తు పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, ఐదో క్లాసు లెక్కే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ 36 బై 24 ఎంఎం ఉండేది) నిలువుగా పట్టుకుంటే: దూరాన్ని మీటర్లలో తీసుకుని 36తో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగించండి. వచ్చిన సంఖ్యే ఆ దూరంలో ఫ్రేమ్‌లో పట్టే ఎత్తు, మీటర్లలో. చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) కెమెరా అయితే 36 బదులు 23.5 వేసుకోండి. కెనాన్ వాళ్ళకు అది ఇంకొంచెం తక్కువ, 22.3.

ఒక లెక్క చేసి చూద్దాం. ఫ్రీ త్రో గీత బేస్‌లైన్ (రింగ్ వెనకుండే కోర్టు చివరి గీత) నుంచి 5.8 మీటర్లు. మనం బేస్‌లైన్‌కి 2 మీటర్ల వెనక కూర్చుంటే మొత్తం 7.8. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎంతో 3.3 మీటర్లు పడుతుంది, మనిషి మొత్తం బిగుతుగా వస్తాడు. 135తో 2.1 మీటర్లే, చేతులెత్తితే తొడల పైనుంచే వస్తాడు. 200తో 1.4 మీటర్లు, అంటే ముఖం, ఛాతీ, చేతిలో బంతి. చిన్న సెన్సర్ మీద 50 ఎంఎంతో 3.7 వస్తుంది. ఈ నాలుగు అంకెలు ఫోన్‌లో నోట్ చేసుకుంటే మ్యాచ్‌లో తడబాటు ఉండదు.

నా దగ్గర కిట్ లెన్స్, 50 ఎంఎం 1.8 మాత్రమే ఉన్నాయి. ఎవరినైనా అడిగి పెద్ద లెన్స్ తెచ్చుకోవాలా?

వద్దు. 50 ఎంఎంతో మొదలుపెట్టండి. కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చేది) జూమ్ చివర్లో 5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. 1.8కీ 5.6కీ మధ్య వెలుతురు తేడా దాదాపు పది రెట్లు. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 25,600 అడిగే హాల్లో 50 ఎంఎంతో 2,500 దగ్గరే పనైపోతుంది. మన వైపు ఇండోర్ హాళ్ళలో వెలుతురు సంగతి తెలిసిందే కదా, నాలుగు లైట్లుంటే ఒకటి వెలగదు.

జూమ్ లేదని బాధపడకండి. 50 ఎంఎం ఒకటే ఉన్నవాడు ఏ షాట్ తనది, ఏది కాదు అని త్వరగా నేర్చుకుంటాడు. మీ వైపు రింగ్, ఫ్రీ త్రో గీత మధ్యలో జరిగేది మీది. అవతలి రింగ్ దగ్గర ఏం జరిగినా కెమెరా దించి చూస్తూ ఉండండి.

పెళ్ళిళ్ళకు వాడే 70-200 ఉంది. ఒక్కటీ చాలా?

సగం కోర్టుకి చాలు. కోర్టు పొడవు 28 మీటర్లు. బేస్‌లైన్ వెనక ఒక పక్కగా కూర్చుంటే అవతలి రింగ్ దగ్గర 200తో నిలువుగా ఐదు మీటర్లు పడుతుంది, మనిషీ రింగూ హాయిగా వస్తాయి. మన పక్కనున్న రింగ్ దగ్గరికి ఆట వచ్చిందంటే 70లో కూడా రెండున్నర మీటర్లకు మించదు. చేయి ఉంటే కాలుండదు, కాలుంటే బంతి ఉండదు.

అందుకే చాలామంది రెండో కెమెరా బాడీ మీద 35 ఎంఎంలాంటిది వేసుకుంటారు. రెండో బాడీ లేకపోతే రింగ్ కిందికి పోకుండా కోర్టు మూలకు జరగండి. లేదా సైడ్‌లైన్ పక్కన, స్కోరర్ టేబుల్‌కి ఎదురు వైపు కూర్చోండి. దూరం పెరిగి 70-200 బాగా పనికొస్తుంది. ఆ లెన్స్ ఒకటిన్నర కిలో దాకా ఉంటుంది. నాలుగు క్వార్టర్లు చేత్తో మోయాలి కాబట్టి మోకాలి మీద మోచేయి ఆనించడం అలవాటు చేసుకోండి.

ఎక్కడ కూర్చుంటే ఫ్రేమ్ బాగుంటుంది?

బేస్‌లైన్ వెనక, రింగ్‌కి ఒక పక్కగా, నేల మీద. నేల మీద నుంచి తీస్తే అడుగు ఎగిరినవాడు కూడా మూడడుగులు ఎగిరినట్టు కనిపిస్తాడు. నిలబడి తీస్తే అందరూ మరుగుజ్జులైపోతారు, వెనకాల ఖాళీ కుర్చీలు కూడా ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాయి.

అంతర్జాతీయ నియమాల ప్రకారం కోర్టు గీత నుంచి 2 మీటర్ల లోపల ఏ అడ్డూ ఉండకూడదు. మన కాలేజీ హాళ్ళలో కొన్నింట గోడే మీటరున్నర దూరంలో ఉంటుంది, అది వేరే విషయం. అలాంటి చోట రింగ్‌కి నేరుగా కింద అస్సలు కూర్చోకండి. రెండేళ్ళ కిందట ఒక కాలేజీలో నేను బాసింపట్టు వేసుకుని దర్జాగా కూర్చున్నా. లేఅప్‌కి వచ్చిన పిల్లాడు ఆపుకోలేక నా మీద పడ్డాడు. లేవబోతే కాళ్ళు మెలిపడి లేవలేకపోయా. లెన్స్ హుడ్ ముక్కలైంది, పిల్లాడికి మోచేయి గీరుకుపోయింది. అప్పటి నుంచి ఒక మోకాలు పైకి పెట్టే కూర్చుంటాను, పక్కకి దొర్లడానికి వీలుగా.

కెమెరా నిలువుగా పట్టాలా, అడ్డంగానా?

ఒక్కడే ఎగురుతుంటే నిలువు, ఇద్దరు ముగ్గురు కలబడుతుంటే అడ్డం. బాస్కెట్‌బాల్ పైకి వెళ్ళే ఆట కాబట్టి నా ఫొటోల్లో ముప్పావు వంతు నిలువే ఉంటాయి. పెళ్ళిళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇది మొదట్లో చెయ్యి తిరగదు, స్టేజీ అంతా పట్టాలని అడ్డంగా తీసీ తీసీ అలవాటైపోయి ఉంటుంది.

## ఆట జరుగుతుండగా

బంతి ఫ్రేమ్‌లో లేకపోతే ఆ ఫొటో పనికిరాదా?

యాక్షన్ ఫొటోగా పనికిరాదు. ఇది నేను నలుగురి ముందు పరువు పోగొట్టుకుని నేర్చుకున్నా. ఒక ఇంటర్ కాలేజీ ఫైనల్లో ఆఖరి సెకన్లలో గెలుపు షాట్. షూటర్ ముఖం ఎంత అందంగా వచ్చిందంటే, చెమట చుక్క చెంప మీద జారుతూ కనిపిస్తోంది. పెదవి కొరుక్కున్నాడు, కళ్ళు పైకి చూస్తున్నాయి. చేతులు మణికట్టు దగ్గర ఆగిపోయాయి, ఆ పైన ఫ్రేమ్ లేదు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ స్క్రీన్ మీద చూసి, "బాగుంది సామీ, బంతేదీ?" అన్నాడు. చుట్టూ పిల్లలు నవ్వారు. ఏం చెప్తాను? బంతి నా ఫ్రేమ్‌కి పైన అరడుగు ఎత్తులో ఉండింది.

ఆ రోజు నుంచి వ్యూఫైండర్‌లో మనిషిని మధ్యలో పెట్టడం మానేశా. తల ఫ్రేమ్ మధ్యకి కాస్త కింద ఉండాలి, పైన బంతికి చోటు. వదిలేసిన బంతి చాలా త్వరగా పైకి పోతుంది కాబట్టి, వేళ్ళ కొసలకు తగిలి ఉన్నప్పుడే నొక్కేయాలి. బంతి చేయి వదిలి మీటరు దూరం పోయాక తీసిన ఫొటోలో మనిషి ఒక కథ, బంతి ఇంకో కథ అయిపోతాయి.

ప్రతి షాట్‌లో రింగ్ కూడా పడాలా?

అవసరం లేదు. లేఅప్, డంక్ (ఎగిరి బంతిని చేత్తోనే రింగ్‌లో దూర్చడం), రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం), ట్యాప్ ఇన్ (ఆ బంతిని గాల్లోనే తట్టి వేయడం), ఇవి రింగ్ పక్కనే జరుగుతాయి. రింగ్ అంచో, వలలో సగమో కనిపించినా చాలు, ఎత్తు తెలుస్తుంది. మూడు పాయింట్ల షాట్ అలా కాదు. ఆ గీత రింగ్ నుంచి 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. మనిషినీ రింగునీ ఒకే ఫ్రేమ్‌లో ఇరికించాలని చూస్తే ఇద్దరూ చీమల్లా వస్తారు. అక్కడ రింగ్ వదిలేసి మనిషి మీద పడండి.

ఒక్క మినహాయింపు ఉంది. అవతలి బేస్‌లైన్ వెనక నుంచి పొడుగు లెన్స్‌తో తీస్తే షూటర్ వీపు ముందు, రింగ్ వెనకాల వచ్చి దూరం కుంచించుకుపోతుంది. మ్యాచ్‌కి అలాంటివి రెండు తీస్తే బాగుంటుంది. ఇరవై తీస్తే విసుగు.

పాదాలు ఎప్పుడూ తెగిపోతున్నాయి. ఎక్కడ తెగితే ఫర్వాలేదు?

తొడ మధ్యలో తెగితే ఫర్వాలేదు. నడుము పైన తెగినా ఫర్వాలేదు. చీలమండ, మోకాలు, మణికట్టు, మోచేయి, ఇలా కీలు ఉన్న చోట తెగితే కాలో చెయ్యో నరికినట్టు కనిపిస్తుంది. షూ కొస మాత్రమే తెగడం అన్నిటికంటే పాపం. పూర్తి మనిషిని పట్టాలనుకుని పట్టలేకపోయారని చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. పాదం పట్టే ఆశ లేదనిపిస్తే వెంటనే జూమ్ పెంచి తొడ దాకా వచ్చేయండి, సగంలో ఆగొద్దు.

ఎగిరినప్పుడు పాదం కింద నేల కూడా కొంచెం పడాలి. నేల లేకపోతే మనిషి గాల్లో ఉన్నాడో, నిలబడి ఉన్నాడో చూసేవాడికి తెలియదు.

టైట్‌గా పెడితే మనిషి ఫ్రేమ్‌లోంచి జారిపోతున్నాడు. ఎలా పట్టుకోవాలి?

జారిపోతాడు మరి. నిలువు ఫ్రేమ్‌లో ఎనిమిది మీటర్ల దూరాన 85 ఎంఎంతో వెడల్పు రెండుంపావు మీటర్లు పడుతుంది. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో అడ్డంగా పరుగెత్తేవాడు సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువసేపు మాత్రమే అందులో ఉంటాడు. చూసి, గుర్తుపట్టి, నొక్కేలోపు వెళ్ళిపోతాడు. కాబట్టి వేలు ఎంత వేగంగా నొక్కినా లాభం లేదు, ఎటు వస్తాడో ముందే పసిగట్టాలి.

వార్మప్ అందుకే చూడాలి. ఎవరు ఎడమచేతి వాటం, ఎవరు మూల నుంచి షాట్ వేస్తారు, ఎవరు ఎప్పుడూ కుడి వైపు నుంచే దూసుకొస్తారు, పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. 1988లో చికాగోలో జరిగిన డంక్ పోటీలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాల్టర్ యోస్ నేరుగా మైకేల్ జోర్డన్‌నే అడిగాడు, ఎటువైపు నుంచి వస్తావో కాస్త చెప్పు అని. జోర్డన్ కూర్చున్నచోటి నుంచే మోకాలి మీద వేలితో దిక్కు చూపించాడు. అంతటివాడే అడిగి తెలుసుకున్నాడు, మనం కాలేజీ పిల్లాణ్ణి అడగడానికి మొహమాటం దేనికి?

కెమెరాలో కంటిన్యువస్ ఫోకస్ (కదిలేవాణ్ణి వదలకుండా వెంబడించేది) పెట్టండి, ఫోకస్ బిందువు ఒక్కటి కాకుండా చిన్న గుంపు ఎంచుకోండి. ఎనిమిది మీటర్ల దగ్గర 85 ఎంఎం 1.8లో ఫోకస్ మందం దాదాపు మీటరు. డిఫెండర్ చేయి మీద ఫోకస్ పడితే షూటర్ కళ్ళు మసకబారడానికి అది చాలు. నేను 2.2 దగ్గర పెడతాను. రెండో కన్ను మూయకండి. ఫ్రేమ్ బయట నుంచి ఎవరు వస్తున్నారో ఆ కంటికి కనిపిస్తుంది.

రీబౌండ్ దగ్గర ఆరుగురు గుమిగూడతారు. ఎవరి మీద టైట్ చేయాలి?

ఎవరి మీదా చేయొద్దు, చేతుల మీద చేయండి. రీబౌండ్‌లో అసలు సంగతంతా నడుము పైనే ఉంటుంది: లేచిన చేతులు, మధ్యలో బంతి, నోళ్ళు తెరిచిన ముఖాలు. ఫ్రేమ్ అడ్డంగా తిప్పి, ఛాతీ నుంచి రింగ్ దాకా పట్టండి. కాళ్ళు పోనివ్వండి, అక్కడ ఎవరి కాలు ఎవరిదో ఎలాగూ తెలీదు.

లైటింగ్ తక్కువ. షట్టర్ స్పీడు ఎంత పెట్టాలి? టైట్ ఫ్రేమ్‌కి తేడా ఉంటుందా?

ఉంటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. సెకనుకు 8 మీటర్ల వేగంతో కదిలే బంతి 500వ వంతు సెకనులో 16 మిల్లీమీటర్లు జరుగుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 3.3 మీటర్ల ఎత్తున్న ఫ్రేమ్ అయితే ఆ జరిగింది సుమారు 29 పిక్సెళ్ళు. 1.4 మీటర్ల టైట్ ఫ్రేమ్ అయితే దాదాపు 69. బంతి అదే, వేగం అదే, ఫ్రేమ్ బిగించినందుకే మసక రెట్టింపు దాటింది. లూజ్ ఫ్రేమ్‌కి 640వ వంతు సెకను సరిపోతే టైట్‌కి 1000వ వంతు పెట్టండి. ఐఎస్ఓ పెరిగితే పెరగనివ్వండి. గ్రెయిన్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఏం చేయలేం.

ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు కానీ వేగమైన షట్టర్‌కి తెలుస్తుంది: ఒక ఫొటో తెల్లగా, తర్వాతది పచ్చగా, ఆ తర్వాతది చీకటిగా వస్తుంది. కెనాన్ 2014లో 7డీ మార్క్ 2తో యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ తెచ్చింది, ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. ఆన్ చేస్తే వెలుతురు నిండుగా ఉన్న క్షణం కోసం షట్టర్ రవ్వంత ఆగుతుంది. బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసే) వేగం కొంచెం తగ్గినా నష్టం లేదు.

ఫ్లాష్ కొట్టొచ్చా?

కెమెరా మీద పెట్టి ఆటగాడి కళ్ళలోకి కొట్టొద్దు. రిఫరీ ఆపేయమంటాడు, అనకపోయినా కొట్టొద్దు.

వెనకాల కుర్చీలు, ఫ్లెక్సీలు, నీళ్ళ డబ్బాలు వస్తున్నాయి. టైట్ చేస్తే పోతాయా?

కొన్ని పోతాయి. మిగిలినవి మీరు రెండడుగులు జరిగితే పోతాయి. ఫ్రేమ్ బిగించడానికి ముందు వెనకాల ఏముందో చూసుకోవడం నా మొదటి పని. గట్టిగా వెలిగే కిటికీ, తెరిచి ఉన్న తలుపు, తెల్ల టీషర్టు వేసుకుని ఫోన్ చూసుకుంటున్న పెద్దమనిషి, ఈ మూడూ ఫొటోకి శత్రువులు. అరిచే పిల్లలు వెనకాల ఉంటే మాత్రం వదులుకోవద్దు. వాళ్ళ ముఖాలు మసకగా కనిపించేలా ఇంకాస్త లూజ్ చేస్తాను. ఖాళీ గ్యాలరీ ముందు వేసిన బాస్కెట్‌కి, ఊగిపోయే గ్యాలరీ ముందు వేసిన బాస్కెట్‌కి ఎంత తేడా!

ఫోన్‌తో తీస్తే టైట్ ఫ్రేమ్ వస్తుందా?

టెలి లెన్స్ ఉన్న ఫోన్ అయితే పట్టపగలు వస్తుంది. ఇండోర్‌లో వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు చెప్పకుండానే మెయిన్ కెమెరాకు మారి దాన్నే సాగదీసి చూపిస్తాయి. దానికంటే జూమ్ చేయకుండా సైడ్‌లైన్ దగ్గరికి వెళ్ళి, ఫ్రీ త్రోలు తీయండి. ఆటగాడు నిలబడి ఉంటాడు, చోటు తెలుసు, ఐదు సెకన్ల టైమ్ దొరుకుతుంది. అంత తీరికగా దొరికే షాట్ ఆటలో ఇంకోటి లేదు.

కోచ్, బెంచ్ మీద పిల్లలు, ఇలాంటివి కూడా అంతే టైట్‌గా తీయాలా?

ఇంకా టైట్‌గా తీయొచ్చు. అక్కడ బంతి లేదు, ముఖమే కథ. టైమౌట్‌లో కోచ్ తిడుతుంటే కళ్ళు, నోరు, చూపుడు వేలు పడితే చాలు. బెంచ్ మీద తువ్వాలు కొరుకుతూ కూర్చున్న పిల్లాడి ఫొటో నాకు ఒక్కోసారి డంక్ కంటే నచ్చుతుంది.

## ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక

లూజ్‌గా తీసేసి తర్వాత క్రాప్ చేసుకుంటే పోలా?

కొంతవరకు పోతుంది, అంతా పోదు. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 బై 4000. అడ్డంగా తీసిన దాంట్లోంచి నిలువు ముక్క కోస్తే 2667 బై 4000 మిగులుతుంది, అంటే పది మెగాపిక్సెళ్ళకు పైనే. ఆల్బమ్ పేజీకి కూడా చాలు.

రెండు వైపులా సగానికి కోస్తే 3000 బై 2000, ఆరు మెగాపిక్సెళ్ళు. పోస్ట్‌కార్డు సైజు ప్రింటుకు ఇదీ ఎక్కువే. చిక్కంతా గ్రెయిన్ దగ్గర వస్తుంది. సెన్సర్‌లో నాలుగో వంతే వాడుకున్నారు కాబట్టి, ఐఎస్ఓ 6,400తో తీసింది అదే సైజు ప్రింటులో 25,600తో తీసినంత గరుకుగా కనిపిస్తుంది. పిండి తక్కువై ఓళిగను సాగదీసినట్టు, ఒక దశ దాటాక చిరుగుతుంది.

నా పద్ధతి: కావాల్సిన దానికంటే పది, పదిహేను శాతం లూజ్‌గా తీస్తాను. చేయి ఒక్కసారిగా బయటికి చాచినా, తల అటు తిరిగినా ఆ చోటు కాపాడుతుంది. అంతకు మించి లూజ్‌గా తీసేవాళ్ళు క్రాప్ ఉంది కదా అనే ధీమాతో ఆటను చూడటం మానేస్తారు, అది నాకు నచ్చదు. కొత్తవాళ్ళు మొదటి రెండు మ్యాచ్‌లు లూజ్‌గానే తీయండి, తప్పు లేదు. మూడో మ్యాచ్ నుంచి బిగించండి.

క్రాప్ చేసేటప్పుడు ఖాళీ ఎటువైపు వదలాలి?

ఆటగాడు చూసే వైపు. ఎడమకి దూసుకుపోతుంటే ఎడమవైపు చోటు, వీపు వెనక బిగింపు. పైకి చూస్తుంటే పైన. బంతి ఫ్రేమ్ అంచుకు తగులుతూ ఉండకూడదు, కనీసం బంతిలో సగమంత ఎడం ఉంచండి.

ఫొటో వంకరగా ఉందని సరిచేస్తే చేయి తెగిపోతోంది.

తిప్పినప్పుడు నాలుగు మూలలూ కోసుకుపోతాయి, లేఅప్‌లో బంతి చాలావరకు మూలలోనే ఉంటుంది. తీసేటప్పుడే మూలల దగ్గర చోటు వదలాలి. తీసేశారు కాబట్టి ఇప్పుడు ఒక పని చేయండి: బ్యాక్‌బోర్డ్ నిలువు అంచుగానీ, వెనక గోడ స్తంభంగానీ ఫ్రేమ్‌లో లేకపోతే వంకరను అలాగే ఉంచేయండి. పోల్చడానికి సరళరేఖ లేనప్పుడు రెండు డిగ్రీల వంకర ఎవరికీ తెలీదు.

ఒక మ్యాచ్‌లో ఎన్ని ఫొటోలు ఉంచుకోవాలి?

నేను వెయ్యి తీస్తే నలభై ఇస్తాను. ఒకే బర్స్ట్‌లోంచి రెండు ఎప్పుడూ ఇవ్వను.

## ఫొటోలు ఇచ్చేటప్పుడు

పేపర్‌కి, ఇన్‌స్టాగ్రామ్‌కి, ఫ్లెక్సీకి ఒకే ఫ్రేమ్ పనికొస్తుందా?

మూడింటికీ మూడు రకాలు కావాలి. పేపర్ డెస్క్ వాళ్ళు ఖాళీని బట్టి వాళ్ళే కోసుకుంటారు, కాబట్టి కాస్త లూజ్‌గా, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పంపండి. మీరే బిగించి పంపితే వాళ్ళు ఇంకా బిగించి ముక్కు దగ్గర ఆపుతారు.

ఇన్‌స్టాగ్రామ్‌కి 1080 బై 1350 నిలువు. చిన్న స్క్రీన్ మీద చూస్తారు కాబట్టి అక్కడ ఎంత టైట్ అయితే అంత మంచిది.

ఫ్లెక్సీ సంగతి వేరు. డిజైనర్ ఆటగాణ్ణి బ్యాక్‌గ్రౌండ్ నుంచి కత్తిరించి ఎమ్మెల్యే ఫొటో పక్కన అతికిస్తాడు. చేతులు, కాళ్ళు, బంతి అన్నీ పూర్తిగా ఉన్న ఫొటో ఇవ్వకపోతే అరచేయి లేని ఆటగాడు మా ఊరి సప్తగిరి సర్కిల్‌లో వారం రోజులు వేలాడతాడు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది.

ఆడపిల్లల మ్యాచ్‌లు తీసేటప్పుడు టైట్ ఫ్రేమ్ విషయంలో ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. ముందు పీడీ మేడమ్‌కో కోచ్‌కో చెప్పి, ఫొటోలు ఎక్కడికి వెళ్తాయో వివరించి మొదలుపెట్టండి. ఫ్రేమ్‌లో ముఖం, చేతులు, బంతి ఉండాలి. ఇవి లేకుండా శరీరం మాత్రమే పడిన ఫొటో యాక్షన్ ఫొటో కిందికి రాదు, దాన్ని అక్కడికక్కడే డిలీట్ చేయండి. నేల మీద నుంచి పైకి తీసే యాంగిల్‌లో జెర్సీ ఎగిరిన క్షణాలు పడుతుంటాయి. ఎంత మంచి బాస్కెట్ అయినా అవి నేను ఎవరికీ ఇవ్వను. అబ్బాయిలకైనా అదే రూలు. స్కూలు పిల్లలైతే తల్లిదండ్రులకు తెలియకుండా సోషల్ మీడియాలో పెట్టను.

"మా వాడి ముఖం పెద్దగా కనపడాల, బంతి లేకపోయినా ఏం కాదు" అంటారు తల్లిదండ్రులు. ఏం చేయాలి?

వాళ్ళకి అది తీసి ఇవ్వండి. మ్యాచ్ అయిపోగానే, చెమట ఆరకముందే, జెర్సీతో, చేతిలో బంతి పెట్టి ఒక ఛాతీ దాకా ఫొటో. రెండు నిమిషాల పని. ఒకసారి కడప నుంచి వచ్చిన ఒకమ్మ తన కొడుకు లేఅప్ ఫొటో చూసి, "పై చూపే కనిపిస్తాంది, వాడి నవ్వేదీ నాయనా?" అంది. మ్యాచ్ ఓడిపోయి వాడు నవ్వే స్థితిలో లేడు. బయట బండి మీద ఉగ్గాని బజ్జీ తింటుంటే తీసి పంపా. ఆమె ఫ్రేమ్ కట్టించుకుంది అదే.